చదువు అవ్వకుండానే హోమ్ లోను: శ్రీకాకుళంలో మాకు పనికొచ్చిన పద్ధతి

నేను శ్రీకాకుళంలో ఎం.కాం. రెండో ఏడాది చదువుతున్నాను. పొద్దున్న కాలేజీ, మధ్యాహ్నం ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నుల పని, సాయంత్రం ఇంట్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి లెక్కల ట్యూషన్. ఇంత తిరిగినా దీన్ని ఏ బ్యాంకూ ఫుల్‌టైమ్ ఉద్యోగం అనదు. అయినా బలగలో ఒక పాత డాబా ఇల్లు అమ్మ పేరూ నా పేరూ కలిపి కొన్నాం. అందులో పదిహేను లక్షలు ప్రభుత్వ రంగ బ్యాంకు ఇచ్చిన హోమ్ లోను. అప్పటి నుంచి క్లాసులో వాళ్లు, వాళ్ల అన్నయ్యలు, ఆఖరికి ట్యూషన్ పిల్లల తల్లులు కూడా ఒకటే అడుగుతున్నారు, "జాబ్ లేకుండా నీకెలా ఇచ్చారే?" అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

చదువుకుంటున్నవాళ్లకి లోను ఇవ్వకూడదన్న రూలేమీ లేదు. పద్దెనిమిది నిండితే ఒప్పందం మీద సంతకం చేసే అర్హత చట్టం ఇస్తుంది. కొన్ని బ్యాంకులు మాత్రం 21 నిండాలంటాయి. ఆ తర్వాత మేనేజరు గారు చూసేది నెలనెలా ఎంత వస్తోంది, ఆ రాక లోను తీరేదాకా నిలుస్తుందా, అది ఏ కాగితంలో ఉంది అన్న సంగతులే. చాలామంది స్టూడెంట్లు ఆ చివరి దాని దగ్గరే ఆగిపోతారు. ట్యూషన్లు చెప్పో, ఫొటోలు తీసో, వెబ్‌సైట్లు చేసో నెలకి పదిహేను ఇరవై వేలు తెచ్చుకునేవాళ్లు నా చుట్టూనే ఉన్నారు. కానీ ఆ డబ్బు వచ్చినట్టు ఏ కాగితంలోనూ ఉండదు. అందుకే ఇల్లు చూడటం కన్నా రెండేళ్ల ముందు కాగితం పని మొదలుపెట్టాలి.

ఆదాయాన్ని కాగితం మీదికి ఎక్కించడం

ముందు ఒక బ్యాంకు ఖాతా దీనికోసమే పెట్టుకోండి. మీకొచ్చే ప్రతి రూపాయీ అందులోనే పడాలి. ట్యూషన్ ఫీజు చేతికి ఇచ్చే తల్లిదండ్రులకి క్యూఆర్ కోడ్ చూపించండి. చేతికే ఇస్తామంటే తీసుకుని, ప్రతి నెలా ఒకే తేదీకి ఖాతాలో కట్టేయండి. లోను అడిగే ముందు నెలలో ఒక్కసారిగా లక్ష రూపాయల క్యాష్ వేస్తే స్టేట్‌మెంట్ చూసేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. ఆరు నెలల నుంచి ఏడాది దాకా స్టేట్‌మెంట్ అడుగుతారు. అందులో చిన్న మొత్తాలైనా వరసగా పడుతూ ఉంటే, ఎప్పుడో ఒకసారి పడ్డ పెద్ద మొత్తం కన్నా బాగుంటుంది.

పార్ట్‌టైమ్ పనిచేసే చోట జీతం చేతికి ఇస్తుంటే ట్రాన్స్‌ఫర్ చేయమని అడగండి. మా సార్ మొదట "ఎందుకమ్మా, కవర్లో ఇచ్చేస్తాను కదా" అన్నారు. లోను సంగతి చెప్పాక ప్రతి నెలా ఐదో తేదీకి నా పేరు, "జీతం" అన్న మాట కనబడేలా పంపడం మొదలుపెట్టారు. ఆఫీసు లెటర్‌హెడ్ మీద ఎప్పటి నుంచి పనిచేస్తున్నానో, ఎంతిస్తున్నారో రాసి సంతకం పెట్టి ఇచ్చారు. చిన్న కాగితమే కానీ బాగా పనికొచ్చింది.

తర్వాత ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను. "మనకి టాక్స్ పడదు కదా, ఎందుకు?" అని చాలామంది వదిలేస్తారు. టాక్స్ పడదు కాబట్టే భయం లేకుండా వేయొచ్చు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా అసలు పన్నే లేదు. రిబేటు వల్ల మామూలు ఆదాయం 12 లక్షల దాకా ఉన్నా కట్టేది సున్నా. ఖర్చల్లా వేయించినందుకు ఇచ్చే ఫీజే. బ్యాంకుకి కావాల్సింది కనీసం రెండేళ్ల రిటర్నులు, కొన్ని మూడు అడుగుతాయి. గడువు దాటినా ఆ ఏడాది డిసెంబరు 31 దాకా వేయొచ్చు. ఆలస్య రుసుము ఐదు లక్షల లోపు ఆదాయానికి వెయ్యి రూపాయలు మించదు.

తహసీల్దార్ ఆఫీసు నుంచి తెచ్చే ఆదాయ ధ్రువపత్రం స్కాలర్‌షిప్‌కి పనికొస్తుంది గానీ లోనుకి దాని మీద ఆధారపడకండి. పైగా అందులో ఏటా అరవై వేలని రాయించుకుని, ఇక్కడ నెలకి ముప్పై వేలు వస్తోందని చెబితే రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఎదురెదురుగా కూర్చుంటాయి.

బ్యాంకుల బయట తిరిగే కొందరు ఏజెంట్ల మాటొకటి చెప్పాలి. దొంగ పే స్లిప్పులు, ఫారం 16 (జీతం, అందులో కోసిన పన్ను చూపిస్తూ యజమాని ఇచ్చే కాగితం) తయారుచేసి ఇస్తామంటారు. బ్యాంకు వాళ్లు మీ ఫారం 16ని, మీ పేరు మీద ప్రభుత్వానికి జమైన పన్ను చూపే 26ఏఎస్‌తో పోల్చి చూస్తారు. టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) జమ కాని ఫారం 16 అక్కడే దొరికిపోతుంది. దొరికాక లోను రాకపోవడంతో అయిపోదు. భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, ఫోర్జరీకి 336 సెక్షన్లున్నాయి. ఇరవై రెండేళ్లకే ఆ మచ్చ ఎందుకు?

పక్కన ఎవరు నిలబడతారు

నిజం చెప్పాలంటే స్టూడెంటు ఒక్కడి పేరు మీద హోమ్ లోను రావడం చాలా కష్టం. అందుకే కో-అప్లికెంట్, అంటే మీతో పాటు లోనులో సంతకం పెట్టేవాళ్లు కావాలి. అమ్మ, నాన్న, అన్న, పెళ్లైతే భర్త లేదా భార్య. వీళ్లలో ఎవరి ఆదాయానికి గట్టి కాగితం ఉందో వాళ్లని ముందుకి తెచ్చి, మీరు వెనక నిలబడాలి. ఆస్తి ఎవరెవరి పేరు మీద ఉంటుందో వాళ్లందరినీ బ్యాంకు లోనులో చేర్చమంటుంది. లోనులో ఉన్నవాళ్లందరికీ ఆస్తిలో వాటా ఉండాలని మాత్రం లేదు. అన్నయ్య కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టినంత మాత్రాన ఇంట్లో సగం ఆయనది అయిపోదు. కానీ మీరు కట్టకపోతే కట్టాల్సింది ఆయనే, చెడేది ఆయన సిబిల్, అంటే అప్పులు సరిగ్గా కట్టారా అని చూపే స్కోరు కూడా. ఇది ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి, వదిన గారు ఉంటే ఆవిడ ముందే.

మాకు అమ్మ ఉంది. నాన్న ఆర్మీలో జవాను, ఇప్పుడు లేరు. అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. మా జిల్లాలో, పక్కన విజయనగరంలో ఇలాంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వాళ్లలో చాలామందికి పెన్షన్ మీద హోమ్ లోను లెక్క కడతారని తెలియదు. పీపీఓ (పెన్షన్ మంజూరు చేసిన ఆర్డరు) కాగితం, సైనికుల పెన్షన్ల స్పర్శ్ పోర్టల్ నుంచి తీసిన పెన్షన్ స్లిప్పులు, పెన్షన్ పడే ఖాతా స్టేట్‌మెంట్ ఉంటే చాలు. పెన్షన్ ఏ బ్యాంకులో పడుతుందో ముందు అక్కడే అడగండి. వాళ్లకి ఆ డబ్బు ఎన్నేళ్లుగా వస్తోందో కళ్ల ముందే ఉంటుంది. వయసు మాత్రం అడ్డం పడుతుంది. కొన్ని బ్యాంకులు 70 ఏళ్లకి లోను తీరిపోవాలంటాయి, కొన్ని 75 దాకా వెళ్తాయి. అమ్మకి 49 కాబట్టి మాకు ఇరవై ఏళ్ల గడువు దొరికింది. అరవై దాటిన తండ్రి పెన్షన్ మీద అయితే గడువు పదేళ్లకి తగ్గి, ఈఎంఐ పెరిగిపోతుంది.

ఫ్యామిలీ పెన్షన్‌తో ఇంకో చిక్కుంది. అది అమ్మ ఉన్నంత వరకే నాకు భరోసా. ఈ మాట అమ్మతో అనడం కష్టంగానే అనిపించింది. ఆవిడే "నానుండగానే ఆ లెక్క కూడా చూసుకో" అంది. అందుకని అమ్మ పేరు మీద విడిగా టర్మ్ పాలసీ, అంటే ఆవిడకి ఏమైనా అయితేనే డబ్బిచ్చే బీమా, తీసుకున్నాం. బ్యాంకులో లోనుతో పాటు ఒకేసారి ప్రీమియం కట్టే జీవిత బీమా పాలసీ చూపిస్తారు, ఆ ప్రీమియాన్ని లోనులో కలిపేస్తారు, దాని మీదా ఇరవై ఏళ్లు వడ్డీ కడతాం. అది తీసుకోకపోతే లోను రాదని ఎవరైనా అంటే ఆ మాట రాసి ఇవ్వమనండి. ఇంటికి చేయించే బీమా వేరు, అది బ్యాంకులు అడుగుతాయి, ఖరీదూ తక్కువే.

వ్యవసాయం చేసే తండ్రి ఉంటే 1-బి, అడంగల్ (భూమి, పంట రికార్డులు), పంట అమ్మిన రసీదులు, డబ్బు ఖాతాలో పడిన ఆధారం దగ్గర పెట్టుకోండి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్నవాళ్లకి ఏడాదికి బాగానే వస్తుంది కానీ సగం లావాదేవీలు చేతి మీదే నడుస్తాయి. షిప్పుల్లో పనిచేసే అన్నలున్న ఇళ్లు సోంపేట, కవిటి వైపు చాలా. వాళ్లకి ఓడలో ఉన్న నెలలకే జీతం, కాబట్టి సీడీసీ (ఓడ ఉద్యోగుల సర్వీసు పుస్తకం), పాత కాంట్రాక్టులు, రెండు మూడేళ్ల స్టేట్‌మెంట్ చూసి ఏడాది సగటు కడతారు. గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకి వెళ్లే కుటుంబాలది అందరికన్నా కష్టం. బోటు ఓనరు సీజన్‌కి ముందే కొంత అడ్వాన్సు ఇస్తాడు, నెలజీతం అన్న మాటే కాగితంలో ఉండదు. అలాంటివాళ్లకి ఇంటికొచ్చి రాబడి ఖర్చు అడిగి అంచనా వేసుకుని లోను ఇచ్చే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ఉన్నాయి. వడ్డీ ఎక్కువ. పది లక్షలకి ఇరవై ఏళ్లు తీసుకుంటే 8.5 శాతానికి ఈఎంఐ 8,678 రూపాయలు, 12 శాతానికి 11,011. నెలకి 2,333 తేడా, ఇరవై ఏళ్లలో ఐదున్నర లక్షలు దాటుతుంది. నా మటుకు నేనైతే ఆ వడ్డీకి వెళ్లేకన్నా ఇంకో రెండేళ్లు కాగితం కూడబెట్టుకుంటాను.

పీహెచ్‌డీ చేస్తూ జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తీసుకునేవాళ్లు కొందరు అడిగారు. నెలకి 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000, పైన ఇంటద్దె భత్యం. ఉద్యోగస్తుల్లో చాలామంది కన్నా ఎక్కువే. కానీ ఫెలోషిప్ ఎప్పుడు ఆగిపోతుందో ఆర్డరులోనే రాసి ఉంటుంది, లోనేమో ఇరవై ఏళ్లది. చదువు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి పన్ను లేకపోవడంతో ఫారం 16 కూడా ఉండదు. కాబట్టి ఒంటరిగా అడగకండి. ఉద్యోగంలో ఉన్న భార్యో భర్తో ముందు పేరుగా ఉంటే, మీ ఫెలోషిప్‌ని ఆ ఫైలుకి బలంగా చూపించొచ్చు. దాన్ని మార్జిన్ డబ్బు (ఇంటి ధరలో లోను పోను మనం పెట్టుకోవాల్సింది) కింద దాచుకోవడం ఇంకా మేలు.

ఎంత వస్తుంది, ఎంత తీసుకోవాలి

బ్యాంకు లెక్క ఇలా ఉంటుంది. అమ్మ పెన్షన్ నెలకి 19,400. నా రిటర్నులు మొదటి ఏడాది 1,90,000, రెండో ఏడాది 2,43,000. బ్యాంకు ఎక్కువది తీసుకోదు, సగటు కట్టింది. 2,16,500, అంటే నెలకి సుమారు 18,040. మొత్తం 37,440. అందులో సగం దాకా అన్ని వాయిదాలకీ కలిపి పోవచ్చని మా బ్యాంకు లెక్క, అంటే 18,720. నా స్కూటీ ఈఎంఐ 2,600 తీసేస్తే 16,120 మిగిలింది. 8.5 శాతానికి ఇరవై ఏళ్లకి లక్షకి 868 రూపాయల ఈఎంఐ పడుతుంది. 16,120ని 868తో భాగిస్తే పద్దెనిమిదిన్నర లక్షలు. వడ్డీ ఎప్పుడూ ఇంతే ఉంటుందనుకోకండి. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) రేటు హోమ్ లోన్లు రెపో (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు) లాంటి బయటి రేటుతో ముడిపడి ఉన్నాయి, అది పెరిగితే ఇదీ పెరుగుతుంది. మీరు అడిగే రోజు రేటు పెట్టి మళ్లీ లెక్క కట్టుకోండి.

ఆ స్కూటీ లెక్క ఇంకోసారి చూడండి. నెలకి 2,600 వాయిదా మూడు లక్షల హోమ్ లోను తినేసింది. కొత్త ఫోను వాయిదాల మీద కొనాలనుకునేవాళ్లు ఒక్క ఏడాది ఆగితే మంచిది.

రెండో హద్దు ఇంటి విలువ మీద ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల దాకా లోనుకి ఇంటి విలువలో 90 శాతం మించకూడదు, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం. మేము మాట్లాడుకున్న ధర 22 లక్షలు. బ్యాంకు పంపిన వాల్యుయర్ 20 లక్షలు కట్టాడు. తక్కువదాని మీదే లెక్క, 18 లక్షలు దాటదు.

అయినా మేము పదిహేనే తీసుకున్నాం. ఈఎంఐ 13,017. నా ట్యూషన్లు మే నెలలో ఉండవు, చదువు అయ్యాక పని మారొచ్చు, మధ్యలో కొన్నాళ్లు ఏ పనీ లేకపోవచ్చు. నా రాబడి పూర్తిగా ఆగిన నెలలో కూడా అమ్మ పెన్షన్ ఒక్కదానితో వాయిదా కట్టి, బియ్యం పప్పుకి ఆరు వేలు మిగలాలని పట్టుబట్టాను. మేనేజరు గారు "ఎలిజిబిలిటీ ఉంది కదమ్మా, పద్దెనిమిది తీసుకో" అన్నారు. బ్యాంకు ఇవ్వగలిగినంతా తీసుకోవడం ఫుల్‌టైమ్ జీతం ఉన్నవాళ్లకి సరిపోతుందేమో. చదువుకునేవాళ్లు ఇంట్లో అందరికన్నా గట్టి ఆదాయం ఏదో చూసుకుని, దాని ఒక్కదానితోనే తీర్చగలిగినంత తీసుకోవాలి. నేను ఎవరికైనా గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే.

చేతిలో ఉండాల్సిన డబ్బు చాలామంది తక్కువ అంచనా వేస్తారు. మాకు మార్జిన్ ఏడు లక్షలు. రిజిస్ట్రేషన్‌కి మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 22 లక్షల మీద లక్షా అరవై ఐదు వేలు, దీనికి లోను రాదు. పైన ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయర్ ఫీజు, డాక్యుమెంట్ రైటర్. నాన్న గ్రూప్ ఇన్సూరెన్స్ డబ్బు అమ్మ ఫిక్స్‌డ్‌లో ఉంచడం వల్ల మాకు జరిగింది. మార్జిన్ కోసం పర్సనల్ లోను తీస్తే ఆ వాయిదా కూడా పై లెక్కలోంచే పోతుంది. చిట్టీ పాడుకోవడం నయం, అదీ రిజిస్టరైన కంపెనీలో అయితేనే. ఎడ్యుకేషన్ లోను డబ్బుని ఇంటి వైపు తిప్పడం మాత్రం వద్దు, అది ఫీజుకి ఇచ్చిన డబ్బు.

ఎడ్యుకేషన్ లోను ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. మామూలు స్కీములో కోర్సు అయ్యాక ఏడాది దాకా వాయిదా మొదలవదు. అలాగని హోమ్ లోను లెక్కలో అది లేనట్టు కాదు. సిబిల్ రిపోర్టులో కనబడుతూనే ఉంటుంది, రేపు మొదలయ్యే వాయిదాని బ్యాంకు ఇవాళే తీసేసి చూస్తుంది.

పట్టణంలో ఇల్లు అయితే పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0 సంగతి మంజూరుకి ముందే అడగండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, దేశంలో ఎక్కడా కుటుంబంలో ఎవరి పేరునా పక్కా ఇల్లు ఉండకూడదు, ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు దాటకూడదు. మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, మొత్తం 1.80 లక్షల దాకా, ఐదు విడతలుగా లోను ఖాతాలో పడుతుంది. మా దరఖాస్తు వెళ్లింది. వచ్చేదాకా దాన్ని లెక్కలో వేసుకోవడం లేదు.

సిబిల్: మీది కాదు, అమ్మానాన్నలది ముందు చూడండి

మనకి ఇంకా ఏ లోనూ లేకపోతే స్కోరు ఉండదు, ఖాళీగా చూపిస్తుంది. అది తప్పేం కాదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లని క్రెడిట్ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఎక్కువ చిక్కులు పెద్దవాళ్ల రిపోర్టుల్లో దొరుకుతాయి. రుణమాఫీ అవుతుందని రెన్యువల్ చేయకుండా వదిలేసిన పంట లోను, ఎవరికో జామీను పెట్టిన సంతకం, కట్టేసినా మూసినట్టు చూపించని బంగారం లోను, మైక్రోఫైనాన్స్‌లో ఆలస్యమైన వారాలు. ఇవన్నీ కనబడతాయి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇంట్లో సంతకం పెట్టబోయే అందరివీ తీసి చూడండి. అమ్మది చూస్తే ఎప్పుడో తీరిపోయిన బంగారం లోను ఇంకా బాకీ ఉన్నట్టు వచ్చింది. ఆ బ్యాంకు నుంచి నో డ్యూస్ కాగితం తెచ్చి, పోర్టల్‌లో డిస్ప్యూట్ పెట్టాం. సరిచేయడానికి నెల ఇస్తారు. ఈ పని హోమ్ లోను అప్లికేషన్ వేశాక మొదలుపెడితే అమ్మేవాళ్లు ఆగరు.

ఇంటి కాగితాలు

ఆదాయం తక్కువ కాబట్టి లోను రాలేదనుకునేవాళ్లలో చాలామందికి నిజానికి ఆస్తి కాగితాల దగ్గర ఆగుతుంది. మన వైపు గ్రామ కంఠం (ఊరి నివాస) స్థలాలు, పాత దస్తావేజుల్లో సర్వే నంబరు లేకుండా "తూర్పు వీధి, పడమర ఫలానా వారి గోడ" అని హద్దులు మాత్రమే రాసినవి బోలెడు. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) ఎన్ని తరాలవి దొరికితే అన్నీ అడగండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్ఎస్ వెబ్‌సైట్‌లో మీరే తీసుకోవచ్చు. అక్కడే 22-ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులది) కూడా చూడొచ్చు. అందులో సర్వే నంబరు ఉంటే అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చేయండి. ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డి-పట్టా భూమి, కాలనీ పట్టా ధర చూస్తే ఆశ పుడుతుంది, బ్యాంకు మాత్రం ముట్టుకోదు. కొత్త లేఅవుట్ అయితే డీటీసీపీ (టౌన్ ప్లానింగ్ శాఖ) లేదా సుడా (శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి, ఇంటికి మున్సిపల్ ప్లాన్ అడగండి. పై అంతస్తు ప్లాన్‌లో లేకుండా కట్టి ఉంటే వాల్యుయర్ దాన్ని లెక్కలోకి తీసుకోడు.

అమ్మేవాళ్లతో వచ్చే పెద్ద పేచీ డాక్యుమెంటు విలువ దగ్గర. 22 లక్షల ఇంటిని సర్కారు విలువ 14 లక్షలకే రాయిద్దాం, మిగతాది చేతికి ఇవ్వండంటారు. 14 లక్షల డాక్యుమెంటు మీద బ్యాంకు ఇచ్చేది మించితే 12.6 లక్షలు. మిగతా తొమ్మిది లక్షల పైచిలుకు డబ్బు స్టూడెంట్ ఎక్కడి నుంచి తెస్తాడు? పైగా స్థిరాస్తి లావాదేవీలో 20,000 అంతకు మించి క్యాష్ తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది, అది పడేది తీసుకున్నవాళ్ల మీద. ఆఫీసులో నేర్చుకున్న ఈ ఒక్క ముక్క చెబితే మా ఓనరు గారు మొత్తం ధర రాయించడానికి ఒప్పుకున్నారు.

అగ్రిమెంటులో ఒక వాక్యం తప్పకుండా రాయించండి: బ్యాంకు లోను మంజూరు కాకపోతే అడ్వాన్సు ఇన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వాలి అని. ఈ వాక్యానికి ఒప్పుకోని ఇల్లు, చదువుకుంటూ కొనేవాళ్లకి కాదు.

బ్యాంకులో

ఒకేసారి ఐదారు బ్యాంకుల్లో అప్లై చేయకండి, ప్రతి ఎంక్వైరీ రిపోర్టులో పడుతుంది. ముందు మాటగా రెండు మూడు చోట్ల అడిగి, ఒక్కచోట వేయండి. మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకు అంటారు, అది 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఊళ్లలో ఉన్నవాళ్లు గ్రామీణ బ్యాంకులో కూడా అడగొచ్చు. కొన్ని బ్యాంకుల్లో మహిళ మొదటి దరఖాస్తుదారు అయితే వడ్డీ 0.05 శాతం తగ్గుతుంది. అడిగితేనే చెబుతారు.

ఫైలు మీరే తయారు చేసుకుని వెళ్లండి. పైన ఒక పేజీలో ఎవరి ఆదాయం ఎంత, ఏ కాగితం ఎన్నో పేజీలో ఉందో రాసి పెట్టండి. "స్టూడెంటువి, నీకెలా ఇస్తాం" అని ఒక బ్యాంకులో కుర్చీ కూడా చూపించకుండా పంపేశారు. ఇంకో చోట ఆ మొదటి పేజీ చూసి ఫీల్డ్ ఆఫీసరు గారు కూర్చోమన్నారు. అప్లికేషన్ తీసుకున్నాక తిరస్కరిస్తే ప్రధాన కారణం రాతపూర్వకంగా చెప్పాలి. అడగండి, ఏది సరిచేసుకోవాలో దానివల్లే తెలుస్తుంది. బ్యాంకులో ఫిర్యాదుకి నెల దాటినా జవాబు లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, సమాచారానికి 14448.

మంజూరయ్యాక కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇస్తారు. 2024 అక్టోబరు నుంచి తప్పనిసరి. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఒక్క అంకెలో ఉంటుంది. సంతకానికి ముందు ఇంటికి తెచ్చుకుని చదవండి. ఫ్లోటింగ్ రేటు అయితే ముందుగా కట్టినందుకు పెనాల్టీ లేదు. అందుకే మేము ఫిక్స్‌డ్ రేటు వద్దన్నాం, నాకు ఉద్యోగం వచ్చాక కొంత కొంత అదనంగా కట్టే ఉద్దేశం ఉంది. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకుకి ఇచ్చేటప్పుడు ఒక్కో కాగితం పేరూ, పేజీల సంఖ్యా రాసిన రసీదు తీసుకోండి. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో అవి తిరిగి ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు చెల్లించాలి. కొనకుండా సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకి డబ్బు ఒక్కసారి రాదు. పునాది, లింటెల్, స్లాబు అని దశలవారీగా ఇస్తారు, ఇచ్చినదాని మీదే వడ్డీ పడుతుంది.

చివరిగా ఈఎంఐ తేదీ. బ్యాంకు ఇచ్చిన తేదీకి తలూపేయకుండా మీ డబ్బు ఎప్పుడు పడుతుందో చూసుకుని అడగండి. అమ్మ పెన్షన్ నెల ఆఖరి పనిరోజున పడుతుంది, నా జీతం ఐదున, ట్యూషన్ ఫీజులు పదో తేదీ దాకా లాగుతారు. ఏడో తేదీ పెట్టించుకున్నాం. మార్చి నెల పెన్షన్ ఒక్కటి ఏప్రిల్ మొదట్లో వస్తుంది. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది, దాంతో పాటు వాయిదా కూడా బౌన్స్ అవుతుంది. సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెలకి నా ఫోన్లోనూ అమ్మ ఫోన్లోనూ అలారం పెట్టి ఉంచాను. మేలో ట్యూషన్లు ఉండవు కాబట్టి, ఏప్రిల్ ఫీజులు రాగానే ఒక వాయిదాకి సరిపడా డబ్బు అదే ఖాతాలో ముట్టుకోకుండా వదిలేస్తాను.